ఎవరికీ నచ్చని పాటకు శాలువా

రండర్రా, ఆ ఫ్యాను కింద నుంచి లేచి ఇలా నా మంచం దగ్గరికి జరగండి. చెవుల్లో పెట్టుకున్నవి తీసి పక్కన పడేయండి. చెవిలో పాట పెట్టుకుని పాట గురించిన కథ వినడం కుదరదు. ఇది ఎక్కడో జరిగింది కాదు, కాకినాడ జగన్నాథపురంలో, వంతెనకి ఇవతల, మన మధ్యే జరిగింది. ఇందులో తెలివితక్కువవాళ్లు ఎవరని లెక్క తీస్తే నన్ను కూడా కలుపుకోవాలి. కనక నవ్వేటప్పుడు కాస్త దయ ఉంచండి.

ఎండు చేపలమ్మే అప్పయ్యమ్మకి నూకరాజని ఒక మనవడు. తండ్రి బోటు మీద, తల్లి రొయ్యల ఫ్యాక్టరీలో ఉంటే, వాణ్ణి పెంచింది అప్పయ్యమ్మే. వాడు పగలంతా సెల్‌ఫోన్ల కొట్టులో పగిలిన అద్దాలు మారుస్తాడు, సాయంత్రం ర్యాప్ పాడతాడు. ర్యాప్ అంటే మీకు చెప్పక్కర్లేదు, నా ఈడువాళ్ల కోసం చెబుతున్నాను. కుళాయి దగ్గర బిందె ముందెవరు పెట్టారని ఇద్దరు పోట్లాడుకుంటారు చూడండి, ఆ పోట్లాటకి తాళం కుదిరితే అది ర్యాప్. పాట కన్నా మాట ఎక్కువ, మాట కన్నా రోషం ఎక్కువ.

వాడి జట్టు పేరు ‘ఉప్పుటేరు’. అందులో వాడు కాక ఇంకిద్దరు. ఒకడు మస్తాను, ఇనప గేట్లకి వెల్డింగు చేస్తాడు. డప్పు, తాషా, బోటు ఇంజను, అన్నీ నోటితోనే పలికిస్తాడు. రెండోది దీవెన, నర్సింగు చదువుతోంది. ఆ పిల్ల గొంతు ఎత్తిందంటే నూకరాజు రాసిన పనికిమాలిన ముక్క కూడా పనికొచ్చేదిలా వినపడేది. ఈ సంగతి నూకరాజుకి బాగా తెలుసు, పైకి మాత్రం ఒప్పుకోడు.

చిక్కంతా దీవెన తండ్రి ఏసుపాదంతో వచ్చింది. ఆయన ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి, మాట ఐసు దిమ్మలాగే ఉంటుంది. “రోడ్ల మీదా మేడల మీదా పాడతానంటే పంపను. గవర్నమెంటు బోర్డున్న చోటైతే పంపుతాను. బోర్డు లేదా, పాటా లేదు,” అనేశాడు. కూతురు ఏడ్చింది, అలిగింది, అన్నం మానేసింది. ఐసు కరగలేదు.

సరిగ్గా అప్పుడే మన పేటలో పాత ఉప్పు కొఠారుకి సున్నం వేసి, ‘రాష్ట్ర లయవాక్కు పరిషత్తు’ అని ఇంతేసి అక్షరాలతో బోర్డు కట్టారు. లయవాక్కు అంటే ఇదే, ర్యాపే. కుర్రకారుకి మేలు చేయాలని పైనెవరికో అనిపించిందట. మేలు చేసే ముందు దానికో సంస్కృతం పేరు పెట్టాలని కూడా అనిపించింది. ఆ పరిషత్తులో సాధన కోసం ఒక గది ఉంది. గోడలు ఇంత లావున ఉంటాయి, లోపల తల పగిలేలా అరిచినా బయట కాకికి కూడా వినపడదు. యోగ్యులైన ఒక్క జట్టుకే ఆ గది ఇస్తారు. అది దొరికితే దీవెన వస్తుంది, దొరక్కపోతే ఉప్పుటేరు ఎండిపోతుంది.

యోగ్యులెవరో తేల్చడానికి పరిషత్తు ఒక గోష్ఠి పెట్టింది. ‘జనాదరణా? అసలుతనమా?’ అన్నది విషయం. జ్యోతి వెలిగించారు, శాలువాలు కప్పారు, అగరొత్తుల పొగకి మస్తాను తుమ్మాడు. ఒక పక్క నూకరాజు, ఇంకో పక్క ‘బుల్లెట్ బృందం’ నాయకుడు రాంపండు. రాంపండు పాట మోగని షేర్ ఆటో లేదు, వాడి పాట లేకుండా పెళ్లి రిసెప్షన్లో ఐస్‌క్రీం కూడా పెట్టడం లేదు. వాడు మైకు పట్టుకుని, “ఏదో మీ అందరికీ నచ్చుతోందండి, పాడుతున్నామండి. నచ్చడం తప్పయితే చెప్పండి, మానేస్తాం,” అన్నాడు. అంతే! హాలు హాలంతా చప్పట్లు.

తర్వాత నూకరాజు పాడాడు. ఒక్క చప్పుడు లేదు. ఎవరో కుర్చీ జరుపుకున్నారు.

చప్పట్లు పడకపోతే మనిషికి ఎక్కడలేని సిద్ధాంతాలూ పుడతాయి. నూకరాజు మెడ నరాలు ఉబ్బించి, “జనానికి నచ్చిందంటేనే అందులో ఎక్కడో కల్తీ కలిసినట్టు! అసలైన ర్యాప్ ఎవడికీ నచ్చదు. మా పాట నచ్చినోళ్లు ఒక్కరుంటే చెయ్యెత్తండి!” అన్నాడు. ఎవరూ ఎత్తలేదు. “చూసేరా?” అన్నాడు గెలిచినట్టు. ఆ నిమిషం దాకా ఆ మాట వాడికే తెలియదు.

పరిషత్తు కార్యదర్శి త్రివిక్రమరావు గారు తూనికలు కొలతల శాఖలో చేసి రిటైరైన మనిషి. దొంగ తక్కెడలు పట్టుకోవడంలో దిట్ట. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లేచి నిలబడ్డారు. “సభాసదులారా! ఈ పదవి స్వీకరించిన నాటి నుండి అసలుతనమును తూచుటకు తగిన రాయి ఒకటి లేక నేను మిక్కిలి మథనపడుచున్నాను. నేటికి ఆ రాయి లభించినది. అసలుతనము జనాదరణకు విలోమానుపాతములో నుండునని శ్రీ నూకరాజు గారు నిరూపించియున్నారు. ఎవరికినీ నచ్చని ఏకైక బృందమగు ఉప్పుటేరునకు సదరు గది కేటాయించడమైనది.”

అలా ఓడిపోయిన గోష్ఠిలో గది గెలుచుకున్నాడు వాడు.

ఏసుపాదం స్వయంగా వచ్చి బోర్డు కింద నిలబడి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, గోడని పిడికిలితో తట్టి చూసి, “ఊఁ,” అన్నాడు. దీవెనకి ఆ ‘ఊఁ’ చాలు. పరిషత్తు ఇచ్చిన ‘అనాదరణ ధ్రువపత్రం’ గదిలో అద్దం కట్టించి పెట్టుకున్నారు. దాని కింద కూర్చుని వాళ్లు పాడుకున్న నాలుగు సాయంత్రాలూ స్వర్గమే.

అయితే త్రివిక్రమరావు గారు ఒకసారి ముద్ర వేసి వదిలేసే రకం కాదు. తక్కెడకి ముద్ర వేశాక కూడా అప్పుడప్పుడూ వెళ్లి చూడాలన్నది ఆయన నియమం. గొడుగు పట్టుకుని, జేబులో పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమాని వేసుకుని పేటంతా తిరిగేవారు. పాట వినేవాడి తల కొద్దిగా ఊగితే అది మర్యాద, కోణం పెరిగితే ఆదరణ. అలా తిరుగుతూ ఒకనాడు అప్పయ్యమ్మ గంప దగ్గర ఆగారు. అలవాటు కొద్దీ ముందు ఆమె తక్కెడ చూశారు. తక్కెడ బాగానే ఉంది. అప్పయ్యమ్మే బాగాలేదు. కుళాయి మీద మనవడు కట్టిన పాట కూనిరాగం తీస్తూ ఎండు సావిడాయి చేపలు తూస్తోంది. పక్కన కూరగాయల ఆవిడ తల కూడా ఊగుతోంది. కోణమాని బయటికి వచ్చింది.

సాయంత్రానికి గది తలుపు మీద కాగితం అతికించి ఉంది. ‘సదరు బృందము యొక్క గేయము ఒక వృద్ధ మహిళకు నచ్చినట్లు రుజువైనందున ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను.’

నూకరాజు ఇంటికి పరిగెత్తాడు. అప్పయ్యమ్మ గంప కడుగుతోంది.

“మామ్మా, ఇకమీదట నువ్వు నా పాట పాడకూడదే.”

“ఏం, నా గొంతు బాలేదా?”

“గొంతు కాదు. నీకు నా పాట నచ్చకూడదు.”

“నచ్చకూడదంటే ఎలారా? కూరలో ఉప్పు తగ్గించమంటే తగ్గిస్తాను. నచ్చడం తగ్గించమంటే ఎక్కడ తిప్పాలి?”

“నచ్చినా నచ్చనట్టుండవే, తల్లీ.”

“మీ తాతతో కాపురమంతా నచ్చకపోయినా నచ్చినట్టున్నాను. ఇప్పుడు దాన్ని తిరగేసి చెయ్యమంటావు. సరే గానీ, ఒక్కసారి నిన్ను స్టేజీ మీద చూడనీరా. మూల కూర్చుంటాను. మూతి ముడుచుకునే కూర్చుంటాను.”

“నువ్వొస్తే గది పోద్ది. గది పోతే దీవెన రాదు. నువ్వు మాత్రం రాకు.”

అప్పయ్యమ్మ కడిగిన గంపనే మళ్లీ కడిగింది.

సంజాయిషీ ఇస్తే సరిపోలేదు. నెలనెలా సంత దగ్గర, పరిషత్తు బోర్డు కింద, బహిరంగంగా పాడి, ఎవరికీ నచ్చలేదని నిరూపించుకోవాలన్నారు. ఎంత చెడగొట్టినా దీవెన గొంతు వల్ల ఎవరో ఒకరికి నచ్చేస్తోంది. నూకరాజు బుర్ర బద్దలు కొట్టుకుని ఒక ఉపాయం కనిపెట్టాడు. కరెంటు బిల్లు వెనకాల చీమ తలకాయంత అక్షరాలతో షరతులు ఉంటాయి చూశారా, దాన్ని ఉన్నదున్నట్టు పాడేద్దామన్నాడు. “దీన్ని ఇష్టపడే మానవుడు ఈ భూమ్మీద పుట్టలేదు,” అన్నాడు మస్తానుతో.

సంతలో మొదలుపెట్టాడు. గడువు తేదీ దాటినచో అపరాధ రుసుము, సర్దుబాటు చార్జీ, అదనపు సర్దుబాటు చార్జీ... మస్తాను పళ్ల మధ్య నుంచి మీటరు తిరిగే చప్పుడు. మొదటి చరణం అయ్యేసరికి జనం చేతిసంచులు కింద పెట్టేశారు. రెండో చరణానికి ఒక పెద్దాయన కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. “ఇన్నాళ్లకి మన కడుపులో బాధ చెప్పినోడు ఒకడొచ్చేడ్రా!” అని ఎవరో అరిచారు. వాణ్ణి భుజాల మీదికెత్తి సంత చుట్టూ తిప్పారు. పైనుంచి వాడు, “ఛీ అనండి! దయచేసి ఛీ అనండి!” అని బతిమాలుతున్నాడు. “ఆయ్, ఎంత అణకువో చూడండి,” అని జనం మురిసిపోయారు. త్రివిక్రమరావు గారి కోణమాని ఆ వేళ చాల్లేదు.

ఇంకో కాగితం వచ్చింది. ఇదే ఆఖరి హెచ్చరిక.

ఈలోగా అసలుతనం అనేది పేటలో పెద్ద మోజైపోయింది. కాలేజీ కుర్రాళ్లు మాకు ఏదీ నచ్చదని చొక్కాల మీద రాయించుకుని తిరిగారు. ఒకనాడు రాంపండే నూకరాజు కొట్టుకి వచ్చాడు. పగిలిన ఫోను ముందు పెట్టి, మెల్లిగా, “ఒరేయ్ బావా, ఎవరికీ నచ్చకుండా ఉండడం ఎలాగో నాక్కూడా చెప్పరా. ఎటు చూసినా నన్ను కమర్షియల్ గాడంటున్నారు. మా ఇంటావిడ కూడా అనేసింది,” అన్నాడు.

“అది పుట్టుకతో రావాలి,” అన్నాడు నూకరాజు, ఏమాత్రం సిగ్గు లేకుండా.

రాంపండు డబ్బున్నవాడు. గదికి తనూ దరఖాస్తు పెట్టి, పుట్టుకతో రానిదాన్ని కొనుక్కున్నాడు. వ్యాన్లు పెట్టి, మనిషికో బిర్యానీ పొట్లం ఇచ్చి, ఛీ కొట్టడానికి తన కచేరీకి జనాన్ని తోలించాడు. మన వీధిలో ఆడవాళ్లమంతా ఎక్కాం. ఎందుకు దాచడం, నేనే ముందు సీటులో కూర్చున్నాను. వెళ్లి, కడుపారా తిని, గొంతు పోయేలా ఛీ కొట్టి వచ్చాం. ఎంత సరదాగా ఉందనుకున్నారు! ఇంట్లో ఇన్నేళ్లుగా అనలేకపోయిన ఛీలన్నీ అక్కడ అనేశాం. మర్నాడు బిర్యానీ లేదన్నా వెళ్లాం. ఆ మర్నాడు మా చుట్టాలని కూడా తీసుకెళ్లాం. నాకు లెగ్ పీసు రాలేదు, అది వేరే సంగతి.

త్రివిక్రమరావు గారు వచ్చి ఆ తిరనాళ్ల చూసి, అక్కడికక్కడే తీర్పు చెప్పారు. “ఛీత్కారమునకై జనులు బంధుమిత్ర సపరివారముగా తరలివచ్చుట కూడ ఆదరణయే యగును. కావున బుల్లెట్ బృందము యొక్క దరఖాస్తు తిరస్కరించడమైనది.” రాంపండు మైకు పట్టుకుని ఏడ్చాడు. మేం దానికి కూడా ఛీ కొట్టాం, పాపం.

అక్కణ్ణుంచి కార్యదర్శి గారు తిన్నగా ఉప్పుటేరు గదికి వెళ్లారు. ఆయన ముఖంలో ఏదో కొత్త వెలుగు ఉంది.

“నాకొక ధర్మసందేహము కలిగినది. గేయము ప్రజలకు నచ్చరాదు, సరే. మరి గాయకులకు నచ్చవచ్చునా? గాయకుడు ప్రజలలో ఒకడు కాడా?”

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

“ఏదీ, ఒక చరణము పాడుడు.”

పాడారు. ఆయన వంగి, నేల మీద గొంతుక్కూర్చుని, మస్తాను కాళ్ల వంక చూశారు. “ఈ కుడి కాలి బొటనవేలు తాళము వేయుచున్నది! ఇది ఆత్మాదరణ!”

“వేలు నా మాట వినదండి,” అన్నాడు మస్తాను బిక్కచచ్చిపోయి. “మా అమ్మ కడుపులోంచే అదలా ఆడతా వచ్చిందంటండి.”

“వైద్యునిచే ధ్రువపరచుకొనుడు. మరియు ‘మా పాట మాకును నచ్చదు’ అని ముగ్గురును లిఖితపూర్వకముగా ప్రమాణము చేయవలెను.”

ఆయన వరండాలోకి వెళ్లగానే దీవెన కలం విసిరికొట్టింది. “నేను రాయను. నాకు నచ్చుద్ది. నచ్చకపోతే మా నాన్నతో అన్ని మాటలు పడి ఎందుకొస్తాను?”

“ఉత్తి కాగితమే దీవెనా.”

“ఉత్తి కాగితమైతే నువ్వే మూడూ రాసుకో. అసలు ఆ మాట ఎవరన్నారు? జనానికి నచ్చితే కల్తీ అన్నదెవరు?”

నూకరాజు తల దించుకున్నాడు. “నేనే. చప్పట్లు పడలేదని ఉడుక్కుని అన్నాను.”

“మరి ఆ మాటే చెప్పొచ్చుగా ఆయనకి.”

“చెప్తే గది పోద్ది. గది లేకపోతే నువ్వు లేవు. నువ్వు లేకపోతే నా పాట ఎవడిక్కావాలి?”

ఎన్నేళ్ల నుంచో లోపల దాచుకున్న ముక్క అది. బయటికి వచ్చాక వాడే భయపడ్డాడు. దీవెన కింద పడ్డ కలం తీసి చేతిలో తిప్పుతూ నిలబడింది. మస్తాను తన బొటనవేలు వంక చూసుకుంటూ కూర్చున్నాడు. గదిలో ఎవరూ ఏమీ అనడం లేదు. లావు గోడలు, బయటి చప్పుడు కూడా లేదు.

వరండాలోంచి తిరిగొచ్చిన త్రివిక్రమరావు గారు తలుపు దగ్గర ఆ నిశ్శబ్దానికి పులకించిపోయి నిలబడి ఉన్నారు. “ఆహా! ఇదియే! వినువారికి నచ్చదు, పాడువారికి నచ్చదు. పాడకుండుటయే పరమ అసలుతనము! ఇట్లే నిలువుడు. రానున్న వార్షికోత్సవమున మీకు ‘అసలు రత్న’ బిరుదమును, శాశ్వతముగా ఈ గదిని ఇప్పింతును. ప్రమాణపత్రమవసరము లేదు. పాడకుండిన చాలును.”

శాశ్వతంగా! ఆ మాట విన్నాక ఎవరు కాదంటారు? నోరు మూసుకుని పది నిమిషాలు నిలబడితే ఆ తర్వాత జీవితమంతా గదిలో పాడుకోవచ్చు. ఇంత తేలిక బేరం ఎక్కడా ఉండదనుకున్నాడు నూకరాజు. ఇంటికి వచ్చి మామ్మకి చెప్పాడు. అప్పయ్యమ్మ అంతా విని, కాసేపు ఆలోచించి, “అయితే ఆ వేళ నువ్వు పాడవు,” అంది.

“పాడను.”

“పాట లేదు గదా, ఇంక నాకు నచ్చడానికి అక్కడేముంటది? నేనొస్తాను.”

దానికి పరిషత్తు దగ్గర కూడా జవాబు ఉండదనుకుని వాడు సరే అన్నాడు.

వార్షికోత్సవం నాడు హాలు కిటకిటలాడింది. పాడని పాట ఎలా ఉంటుందో చూడాలని రాంపండు కూడా వచ్చాడు. రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి ముఖ్య అతిథిగా వచ్చి, మధ్య కుర్చీలో కునుకు తీస్తున్నాడు. అప్పయ్యమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, చేతులకి ఎంత నిమ్మకాయ రుద్దుకున్నా పోని చేపల వాసనతో, మొదటి వరసలో కూర్చుంది. ఏసుపాదం వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

“ఇప్పుడు ఉప్పుటేరు బృందము వారు ఏమియు పాడరు!” అని ప్రకటించారు త్రివిక్రమరావు గారు.

తెర తీశారు. ముగ్గురూ లైట్ల కింద నిలబడ్డారు. మస్తాను బొటనవేలుకి కట్టు కట్టి, దాని మీద బూటు వేసుకున్నాడు. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

నూకరాజు మామ్మ వంక చూడకూడదనుకున్నాడు, చూశాడు. ఆమె పైట చెంగు నోట్లో కుక్కుకుని వాణ్ణే చూస్తోంది, నచ్చనట్టు ముఖం పెట్టాలని తంటాలు పడుతోంది. వాడు ఆమె గంప మీద ఒక పాట రాసుకున్నాడు, ఎవరికీ వినిపించలేదు. అది గొంతు దాకా వచ్చింది. పళ్లు బిగించాడు. చెమట కారింది, కళ్లు ఎర్రబడ్డాయి. అంత సేపూ ఊపిరి కూడా సరిగ్గా తీసుకోకుండా నిలబడ్డాడు. టైమయ్యింది. త్రివిక్రమరావు గారు వచ్చి శాలువా కప్పారు. వాడు వంగి దణ్ణం పెట్టాడు.

అప్పయ్యమ్మ కుర్చీలోంచి లేచి, పోర్టు సైరన్‌లాంటి గొంతుతో అరిచింది. “వన్స్ మోర్!”

ఆమె తప్పు కాదర్రా. మా కాలంలో పద్యనాటకం అంటే అదే మర్యాద. మనవాడు స్టేజీ ఎక్కి ఏదో ఒకటి చేసి దణ్ణం పెడితే వన్స్ మోర్ అనాలి. చచ్చిపడిపోయిన రాజుగారు కూడా లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయేవాడు. అప్పయ్యమ్మ అనగానే మా వరసంతా అలవాటు కొద్దీ అందుకున్నాం. “వన్స్ మోర్! వన్స్ మోర్!” ఆ గోలకి ముఖ్య అతిథి ఉలిక్కిపడి లేచి, ఇదేదో కార్యక్రమంలో భాగమనుకుని ఆయనా చప్పట్లు కొట్టాడు.

త్రివిక్రమరావు గారి ముఖం తెల్లబోయింది. “ఆగుడు! ఆగుడు! మౌనము జనరంజకమైపోయినది! మౌనములో సైతము కల్తీ!” అని కేకలు పెట్టి, నూకరాజు భుజం మీద అప్పుడే కప్పిన శాలువా పట్టుకుని లాగారు. “బిరుదము రద్దు! గది రద్దు!”

వాడు శాలువా వదల్లేదు. వదలకూడదని కాదు, ఏం చేయాలో తోచక పట్టుకున్నాడు, అంతే. అటు ఆయన, ఇటు వీడు. జనం మాత్రం ఆపడం లేదు. మళ్లీ చేయమంటే ఏం చేయాలి? మళ్లీ ఊరకే నిలబడాలా?

“వన్స్ మోర్ అంటే ఇవ్వాలంట కదా నూకా,” అంది దీవెన మైకు ముందుకి జరిగి. “గది పోయిందిగా. ఇంకేం చూస్తున్నావు?”

మస్తాను బూటు విప్పేశాడు. కట్టు పీకేశాడు. నూకరాజు శాలువా వదిలేశాడు, త్రివిక్రమరావు గారు వెళ్లి కుర్చీలో పడ్డారు. అప్పుడు అందుకున్నాడు వాడు:

“గంప నెత్తిన మామ్మా, ఎండ నెత్తిన గంపా,
వంతెన దాటితే చాలు, ముక్కు మూసే ఊరా!
మూసుకోండి, మూసుకోండి, మూసినా మీకు తెలుసు,
ఈ వాసన పేరు నూకరాజు, ఇంటిపేరు ఉప్పుటేరు!”

దీవెన గొంతు దాని మీద ఎక్కింది. మస్తాను నోట్లో బోటు ఇంజను అంటుకుంది. ఎవరి తల ఎంత ఊగిందో నేను చెప్పలేను, నా తలే నా చేతిలో లేదు. రాంపండు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

పాట అయ్యాక నూకరాజు దిగి త్రివిక్రమరావు గారి దగ్గరికి వెళ్లాడు. “తప్పు నాదేనండి. నచ్చితే కల్తీ అన్న మాట ఉడుకుమోత్తనంతో అన్నానండి. అందులో సరుకు లేదండి,” అన్నాడు.

ఆయన శాలువా మడతలు పెడుతూ తల పైకెత్తారు. “రాయి దొంగదైనను తూనిక మాత్రము నేను సక్రమముగనే తూచితిని,” అన్నారు దిగులుగా. శాలువా ఒళ్లో పెట్టుకుని, “ఆ మూడవ పాదము మరియొకమారు చెప్పుదువా?” అని అడిగి, మళ్లీ తానే, “వద్దు, వద్దు. నేనింకను విధులలో ఉన్నాను,” అన్నారు.

బయట బోర్డు కింద ఏసుపాదం నిలబడి ఉన్నాడు. దీవెన తల వంచుకుని వెళ్లింది. “బోర్డు పోయింది నాన్నా,” అంది.

ఆయన పై కండువాతో ముఖం తుడుచుకున్నాడు. “మా ఐసు ఫ్యాక్టరీకీ బోర్డుందిలే. గవర్నమెంటుది కాదు గానీ, దీనికన్నా పెద్దదే. సాయంత్రం పూట షెడ్డు ఖాళీ. నా కళ్లెదురుగా పాడుకోండి.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “ఎత్తుగడలో కాస్త తొందరపడుతున్నావు. చూసుకో.”

ఇక నూకరాజు మామ్మని వెతుక్కుంటూ వచ్చాడు. గది పోయింది, బిరుదు పోయింది, శాలువా పోయింది, అయినా వాడి కాళ్లు నేల మీద లేవు. ఆమె పక్కన కూలబడి, చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు చూపించినట్టు ముఖం పెట్టి అడిగాడు.

“ఎలా ఉందే మామ్మా?”

“బాగుందిరా నాన్నా. నా గంప మీద కట్టేవు. ఎందుకు బాగోదు?” అని వాడి తల నిమిరింది అప్పయ్యమ్మ. తర్వాత కొంచెం నసిగింది. “కాకపోతే నిజం చెప్పనా? ఇందాకటిదే బాగుంది.”

“ఇందాకటిదేంటే?”

“అదేరా, ఏం పాడకుండా ఊరుకుని నిలబడ్డావే. నీ నోట అంత చక్కటి పాట నేనెప్పుడూ వినలేదు.”

నూకరాజు పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వాడు. వాడు అంతగా నవ్వడం నేను చూడడం అదే మొదలు.

ఇదర్రా సంగతి. దీన్ని బుర్రలో పెట్టుకోండి, మీ కాలేజీల్లో, మీ ఫోన్లలో, ఎవడైనా నాది అసలు, నీది కల్తీ అని మెడ నరాలు ఉబ్బించినప్పుడు కూర్చోబెట్టి చెప్పండి. లెగ్ పీసు సంగతి కావాలంటే వదిలేయండి. అప్పయ్యమ్మ చివర్న అన్న మాట మాత్రం ఒక్క ముక్క మార్చకుండా చెప్పండి. విన్నవాళ్లకి నచ్చితే నచ్చనివ్వండి, అడ్డు పడకండి.